నెట్ వస్తోంది, పక్క గది కంప్యూటర్ మాత్రం కనెక్ట్ కావడం లేదు. ఎందుకు?

నెట్ బాగానే వస్తూ, అదే రౌటర్ మీదున్న పక్క కంప్యూటర్‌లోని ఫోల్డర్ మాత్రం తెరుచుకోకపోతే, చాలాసార్లు కారణం ఆ రెండో కంప్యూటర్ మీ నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’గా, అంటే నమ్మలేని చోటుగా లెక్కేసి, ఫైర్‌వాల్‌తో (రాకపోకలను కాపలా కాసే ప్రోగ్రామ్‌తో) అడ్డుకోవడమే.

విండోస్ ఫైర్‌వాల్ లోపలి నుంచి బయటికి వెళ్లేదాన్ని మామూలుగా ఆపదు, దానికి వచ్చే జవాబునూ రానిస్తుంది. అందుకే యూట్యూబ్ ఆడుతుంది. బయటి నుంచి తనంతట తానే తలుపు తట్టేదాన్ని మాత్రం రూల్ ఉంటే తప్ప రానివ్వదు. ఫోల్డర్ షేరింగ్ 445 పోర్టు మీద, అంటే ఆ నంబరున్న తలుపు గుండా నడుస్తుంది. పబ్లిక్‌లో ఆ తలుపు మామూలుగా మూసే ఉంటుంది.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు అనుకోండి. వేబ్రిడ్జి గది నుంచి లారీ తూకాలు ఆఫీసు కంప్యూటర్‌లోని ఫోల్డర్‌లో చేరుతుంటాయి. కొత్త రౌటర్ పెట్టగానే విండోస్ దాన్ని కొత్త చోటుగా చూసి పబ్లిక్‌లో పెట్టేస్తుంది. తూకాలు ఆగుతాయి. బయట లారీల లైను, లోపల టెన్షన్. ఆఫీసు కంప్యూటర్ సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి ‘ప్రైవేట్’ ఎంచుకోవాలి. తర్వాత ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో ‘ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్’ ఎదురుగా ప్రైవేట్ గడిలో టిక్ ఉందో లేదో చూడాలి. చాలామంది మరిచిపోయేది ఈ టిక్‌నే.

పింగ్‌కు (ఒక కంప్యూటర్ ఇంకోదాన్ని ‘ఉన్నావా’ అని అడిగే పరీక్షకు) జవాబు రాలేదంటే కేబుల్ పోయిందనుకుని కొత్త వైరు లాగిస్తారు. పింగ్‌ను ఆపేది కూడా ఫైర్‌వాలే కావచ్చు. ఇంకొందరు ఫైర్‌వాల్‌నే పూర్తిగా ఆపేసి వదిలేస్తారు. అప్పుడు ఒక్క పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్‌కు మిల్లులోని కంప్యూటర్లన్నిటికీ పాకే దారి దొరుకుతుంది.