నాన్న దగ్గర నేర్చుకున్న కరాటేనే వృత్తిగా పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్న కరాటే మాస్టర్, పాతికేళ్లుగా నేర్పిస్తున్నారు. నేను ఐదో ఏట నుంచి ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు సెకండ్ డాన్, అంటే బ్లాక్ బెల్ట్‌లో రెండో మెట్టు. బీకాం ఫైనలియర్ చదువుతూ, సాయంత్రం చిన్నపిల్లల బ్యాచ్ చూస్తున్నాను. మొత్తం 35 మంది ఉన్నారు, ఫీజు నెలకు 600. నాకు ఇదే పనిలో స్థిరపడాలని ఉంది. నాన్న మాత్రం ‘ఇది నాతోనే ఆగిపోనీ, బ్యాంక్ కోచింగ్‌లో చేరు’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నాన్నగారి మాట సంగతి చూద్దాం. ఆయనకు మీ మీద నమ్మకం లేదని అనుకోకండమ్మా. పాతికేళ్లు గ్రౌండ్‌లో నిలబడిన మనిషి ఆ మాట అన్నారంటే దాని వెనక ఒక లెక్క ఉంటుంది. 35 మందికి 600 చొప్పున నెలకు 21 వేలు, కాగితం మీద బాగానే ఉంది. కానీ జూన్‌లో స్కూలు ఫీజులు కట్టాక కొందరు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పిస్తారు. వానలు పడితే గ్రౌండ్ బురద. జనవరి రాగానే టెన్త్ పిల్లలు ‘పరీక్షలయ్యాక వస్తాం మేడం’ అని వెళ్లిపోతారు. బ్యాచ్‌లు నిండుగా ఉండేది ఏప్రిల్, మే నెలల సమ్మర్ క్యాంపుల్లోనే. అందుకే ఎనిమిది నెలల ఫీజే చేతికొస్తుందని అనుకుని, దాన్ని పన్నెండు నెలలకు పంచి చూడండి. నెలకు 14 వేలు. మ్యాట్లు, ప్యాడ్లు, పిల్లల్ని టోర్నమెంట్లకు తీసుకెళ్లే ఖర్చు అందులోంచే పోవాలి. నాన్నగారు మిమ్మల్ని కాపాడాలని చూస్తున్నది ఈ లెక్క నుంచే.

అయినా మీరు ఈ వృత్తిలోకి రావచ్చనే నా అభిప్రాయం. నాన్నగారు వచ్చిన దారిలో మాత్రం కాదు.

ఇంట్లో తల్లి దగ్గరో తండ్రి దగ్గరో విద్య నేర్చుకున్న పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. సంగీతం, నాట్యం, కర్రసాము ఏదైనా సరే, అందరిలో ఒక ఇబ్బంది చూశాను. తమకు ఆ విద్య రాని రోజులు వాళ్లకు గుర్తుండవు. మొన్న మీ క్లాసులో కొత్తగా చేరిన పిల్లవాణ్ని పిడికిలి బిగించమంటే ఏం చేశాడో గుర్తు చేసుకోండి. బొటనవేలు లోపల పెట్టి, దాని మీద నాలుగు వేళ్లూ మూసి ఉంటాడు. మొదటిరోజు చాలామంది పిల్లలు చేసేది అదే. అలాగే గుద్దితే విరిగేది వాడి వేలే. మీరు ఎన్నిసార్లు సరిచేసినా మర్నాడు మళ్లీ అలాగే వస్తాడు. మీకు విసుగొస్తుంది, ఎందుకంటే ఐదేళ్ల వయసులో మీ వేలిని నాన్న ఎన్నిసార్లు బయటికి లాగారో మీకు గుర్తులేదు. ముందు చిటికెన వేలు మడవాలి, తర్వాత ఒక్కొక్కటీ, చివర బొటనవేలు పైనుంచి అడ్డంగా రావాలి. ఇలా విడగొట్టి చెప్పడం ఒక పని, పిడికిలి బిగించడం వేరే పని. జీతం ఇచ్చేది మొదటిదానికే.

ఇంకొకటి. మిమ్మల్ని నాన్న కూతురిగా పెంచుతూ నేర్పించారు. తెల్లవారుజామునే లేపి ఉంటారు, కటా (ఒక వరుసలో చేసే కదలికల సాధన) తప్పితే పదిసార్లు చేయించి ఉంటారు. మధ్యాహ్నం అదే చేత్తో అన్నం కలిపి పెట్టి ఉంటారు కాబట్టి ఆ కఠినం మీకు చెల్లింది. వారానికి మూడు రోజులు ట్యూషన్ మధ్యలో పరుగెత్తుకొచ్చే పరాయి పిల్లలకు అన్నం పెట్టే వాళ్లం మనం కాదు, కాబట్టి ఆ కఠినం మాత్రం తీసుకెళ్లి వాళ్లమీద పెట్టలేం. నాన్న గొంతు, నాన్న అరుపు అచ్చుగుద్దినట్టు పిల్లల మీద వాడి, ఏడాదిలో సగం బ్యాచ్ పోగొట్టుకున్న ఒక కుర్రాణ్ని నాకు తెలుసు. వాడి ఆటలో లోపమేమీ లేదు.

అందుకే నా మొదటి సలహా కాస్త వింతగా అనిపించవచ్చు. డిగ్రీ పరీక్షలయ్యాక మూడు నెలలు వేరే మాస్టర్ దగ్గర, మీకు రాని విద్యలో మొదటి మెట్టయిన వైట్ బెల్ట్ కట్టుకోండి. జూడో అయితే మంచిది. అందులో ముందు పడటం నేర్పిస్తారు. ఇరవై ఏళ్ల వయసులో, పదేళ్ల పిల్లల పక్కన నిలబడి, ఎలా పడాలో తెలియక భయపడండి. ఆ మాస్టర్ మీకు ఏ మాట చెప్పినప్పుడు అర్థమైందో, ఏ మాటకు అయోమయంలో పడ్డారో రోజూ ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఈ మూడు నెలలు నేర్పేది ఏ కోచింగ్ సర్టిఫికెట్ కోర్సూ నేర్పలేదు.

తండ్రి దగ్గర మొదలై బయటికి వెళ్లడం ద్రోహమేమీ కాదు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్‌నే చూడండి. బాక్సింగ్‌లో తొలి పాఠాలు తండ్రి జమీల్ అహ్మద్ దగ్గరే. తర్వాత ఆయనే కూతుర్ని బయటి కోచ్‌ల చేతికి అప్పగించారు. 2009లో ఆమె విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా (సాయ్) సెంటర్‌లో, ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ ఐ.వి. రావు దగ్గర చేరారు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యారు. తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అయితే అలాంటి ఉద్యోగాలు పతకాలకు వచ్చేవి, నేర్పేవాళ్లకు వచ్చేవి కావు. పైగా కరాటే ఒలింపిక్స్‌లో ఉన్నది ఒక్క టోక్యోలోనే. పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలిస్‌లోనూ లేదు. ఏషియన్ గేమ్స్‌లో మాత్రం 1994 నుంచి ఉంది. స్పోర్ట్స్ కోటా మీద ఆశతో ఈ వృత్తిలోకి రావద్దని చెప్పడానికే ఇదంతా.

మరి నిలకడైన జీతం ఎక్కడ? నా దృష్టిలో మీకు సరిపోయేది బీపీఎడ్, అంటే వ్యాయామ విద్యలో డిగ్రీ. బీకాం అయ్యాక దాని ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి చేరవచ్చు. రెండేళ్ల కోర్సు. పీఈసెట్‌లో చూసేది ప్రధానంగా మీ ఒంటి సత్తువే. పరుగు, షాట్‌పుట్ లాంటి పరీక్షలు, పైన ఒక ఆటలో నైపుణ్యం. చిన్నప్పటి నుంచి ఒళ్లు వంచినవాళ్లకు ఇది టెన్షన్ పడాల్సిన పరీక్ష కాదు, కానీ షాట్‌పుట్ ఇప్పటి నుంచే పట్టుకోండి, కరాటే వాళ్లు దెబ్బతినేది అక్కడే. బీపీఎడ్ ఉంటే డీఎస్సీలో (ప్రభుత్వ టీచర్ల నియామకాల్లో), గురుకులాల నోటిఫికేషన్లలో ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టులకు దరఖాస్తు చేయవచ్చు. ప్రైవేటు స్కూళ్లు కూడా పీఈటీ (వ్యాయామ టీచర్) పని, కరాటే రెండూ చూసుకునే మనిషి దొరికితే వదులుకోవు. ఉదయం ఉద్యోగం, సాయంత్రం మీ బ్యాచ్. పటియాలాలోని జాతీయ క్రీడా శిక్షణ సంస్థ ఎన్ఐఎస్ గురించి ఎవరైనా చెబితే, జూడో, బాక్సింగ్ లాంటి ఆటలకు అక్కడి కోచింగ్ డిప్లొమా మంచి పేరున్నదే. మీ ఆట ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఉందో లేదో చూశాకే దాని గురించి ఆలోచించండి.

అమ్మాయిగా మీకు ఒక అనుకూలత ఉంది, అది చిన్నదేం కాదు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ప్రభుత్వ స్కూళ్లలో, కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ ఇస్తారు. మూడు నెలలు, స్కూలుకు నెలకు 5 వేల చొప్పున కేటాయింపు. డబ్బు ఆలస్యంగా వచ్చినా ఇబ్బంది పడకుండా చూసుకుని ఒప్పుకోండి. హాస్టళ్లలో ఆడపిల్లలు ఒక మగ మాస్టర్‌ను అడగలేని ప్రశ్నలు మిమ్మల్ని అడుగుతారు. బస్సులో ఎవడైనా చేయి వేస్తే ఏం చేయాలో వాళ్లకు తెలియాలి. దానికి కటా పనికిరాదు. గట్టిగా అరవడం, మణికట్టు విడిపించుకోవడం, పరుగెత్తడం నేర్పండి.

మీ డాన్ సర్టిఫికెట్ మీద సంతకం నాన్నగారిదే అయితే, తర్వాతి గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) బయటి ఎగ్జామినర్ దగ్గర ఇవ్వండి. కూతురికి తండ్రి ఇచ్చిన బెల్ట్ ఎంత న్యాయమైనదైనా ఇంటర్వ్యూలో ప్రశ్న వస్తుంది. మన దగ్గర కరాటే సంఘాలు లెక్కలేనన్ని. ‘నేషనల్’ అని రాసి ఉన్న ప్రతి సర్టిఫికెట్‌కూ విలువ ఉండదు. డబ్బు కట్టేముందు ఆ సంఘానికి ఎవరి గుర్తింపు ఉందో రాతపూర్వకంగా అడగండి. మీరు మాత్రం బెల్టుల మీద సంపాదించకండి. మూడు నెలలకొక రంగు అమ్మితే ఫీజు వస్తుంది, పిల్లవాడికి మాత్రం నిలబడటం కూడా రాదు. ఫస్ట్ ఎయిడ్ శిక్షణ సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ల దగ్గర తీసుకోండి. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ని ఆరోజు మళ్లీ ఫైట్‌కు దింపకూడదన్న నియమం మీ క్లాసులో మొదటి రోజు నుంచే ఉండాలి.

బ్యాంక్ కోచింగ్ గురించి కూడా అడిగారు. మీకు ఇష్టం లేకుండా దానికి ఏడాది పెట్టడం వృథా. కానీ బీకాం వదలకండి, మీ క్లాసు లెక్కలు రాయడానికి అదే పనికొస్తుంది.

నాన్నగారితో ఇప్పుడే వాదించకండి. ఈ నెల నుంచి ఆయన క్లాసు ఫీజు, ఖర్చు, ఎవరు చేరారు, ఎవరు ఎందుకు మానేశారు అన్నది ఒక పుస్తకంలో మీరే రాయండి. పీఈసెట్ నోటిఫికేషన్ వచ్చిన రోజు ఆ పుస్తకం, దరఖాస్తు రెండూ ఆయన ముందు పెట్టి, ఒక్కటే అడగండి: ‘ఈ రెండేళ్లు బీపీఎడ్ చేస్తాను, అంతవరకు నా బ్యాచ్ మీరే చూసుకుంటారా?’ అని.