జూన్ ఆఖర్లో అబిస్కో వెళ్తున్నాం. మంచున్న లోయలో ఒక్కరోజు నడిచి రావచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: జూన్ చివరి వారంలో స్వీడన్ ఉత్తర కొసన ఉన్న అబిస్కోలో మూడు నాలుగు రోజులు ఉంటారు. మీరిద్దరితో పాటు విజయవాడ నుంచి వచ్చిన మీ అమ్మగారూ నాన్నగారూ ఉంటారు. టెంట్లు మోసే ఓపిక లేదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేలా, కొండల మధ్య మంచు చూపించే దారి కావాలి. గైడ్ ఉండాలా, ఏం కొనాలి, పెద్దవాళ్ళు నడవగలరా అని అడిగారు.

మీరిద్దరూ హాయిగా వెళ్ళొచ్చు. గైడ్ అక్కర్లేదు, మంచు మీద నడిచే ప్రత్యేకమైన సామానూ అక్కర్లేదు. బూట్లు తడవకుండా తిరిగొస్తామన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. పెద్దవాళ్ళకి వేరే ప్లాన్ ఉంది, చివర్లో చెప్తాను.

నేను ఉత్తర స్వీడన్‌లోని లూలియోలో ఉంటాను. వేసవిలో వీలు చిక్కినప్పుడల్లా రైలెక్కి అటు పోతుంటాను. ఇక్కడ చదువుకునే మన పిల్లలు చలికాలంలో అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) కోసం అబిస్కో పరిగెత్తుతారు గానీ, వేసవిలో అటు తొంగి కూడా చూడరు. నన్నడిగితే ఆ ఊరికి అసలు సీజన్ వేసవే.

మీకు సరిపోయే లోయ పేరు కార్కెవాగ్గె. దాని పైకొసన ట్రోల్‌షోన్ అనే సరస్సు ఉంది, ఇక్కడి మూలవాసులైన సామీల భాషలో రిస్సాయావ్రె. అబిస్కో నుంచి నార్వేలోని నార్విక్ వైపు ఈ10 రోడ్డు మీద కారులో అరగంట లోపే లోక్తచోక్క అనే చోటు వస్తుంది. రోడ్డు పక్కనే కారు పెట్టుకోవచ్చు, దారి అక్కడే మొదలవుతుంది. సరస్సు దాకా ఒకవైపు ఐదున్నర, ఆరు కిలోమీటర్లు. ఎక్కుడు మొత్తం 400 మీటర్ల చిల్లర. అంకెలు చూసి "ఇంతేనా, తిరుమల మెట్లు ఇంతకన్నా ఎక్కువే" అనుకుంటారు. మెట్ల దారిలో కాలు ఎక్కడ పెట్టాలో ఆలోచించనక్కర్లేదు. ఇక్కడ ప్రతి అడుగూ ఆలోచించే వేయాలి. అందుకే రానూపోనూ కలిపి ఆరేడు గంటలు పెట్టుకోండి.

అబిస్కోలో దిగి, హోటల్ కిటికీలోంచి చూసి "ఇక్కడ మంచేదీ, అంతా పచ్చగా ఉంది" అని కంగారు పడకండి. అబిస్కో వానచాటు ప్రాంతం, ఏడాది మొత్తం మీద అక్కడ పడేది 300 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అట్లాంటిక్ నుంచి వచ్చే మబ్బులు నార్వే సరిహద్దు కొండల మీదే బరువంతా దించేసుకుంటాయి. పడమరగా వెళ్ళి సరిహద్దులో ఉన్న రిక్స్‌గ్రెన్సెన్ చేరేసరికి ఆ లెక్క మూడు రెట్లవుతుంది. కార్కెవాగ్గె ఈ రెంటికీ మధ్యన ఉంది. అందుకే అబిస్కోలో పూలు పూస్తున్న వారంలోనే ఇక్కడ లోయ అడుగున మంచు మేటలు వేసి ఉంటుంది. సరస్సు మీద కూడా జూన్ ఆఖరికి చాలా ఏళ్ళు ఐసు ఇంకా ఉంటుంది, జూలైలో గానీ పూర్తిగా విడదు. నీలం నీళ్ళ ఫోటోలు చూసి వెళ్తే నిరాశే. సగం ఐసు, అంచుల్లో సన్నటి నీలం గీత, అదే దొరుకుతుంది. నాకైతే అలా సగం విడిన సరస్సే నచ్చుతుంది, మీకెలా ఉంటుందో మరి.

మొదటి అరగంటా పొట్టి బర్చ్ చెట్ల మధ్య నడక. దోమలుండేది ఇక్కడే. వెనక ఇనుప ఖనిజం మోసే గూడ్స్ బండ్ల మోత వినిపిస్తూ ఉంటుంది. కిరునా గనుల నుంచి నార్విక్ రేవుకి 1903లో మొదలైన లైను అది. ఇంత కొండల్లో నార్విక్ దాకా రోడ్డు పడింది మాత్రం 1984లోనే. దాదాపు ఎనభై ఏళ్ళు ఇటు రావాలంటే రైలే దిక్కన్నమాట. చెట్లు అయిపోగానే లోయ తెరుచుకుంటుంది, గాలి తగులుతుంది, దోమలు మాయమవుతాయి. జాకెట్ తీసే చోటు, మళ్ళీ వేసుకునే చోటు పది నిమిషాల తేడాలో వస్తాయి.

ఇక అక్కణ్ణుంచి బండలు. చిన్నవి కావు, రెండంతస్తుల మేడలంత ఉన్నవీ ఉన్నాయి. హిమానీనదాలు కరిగి వెనక్కి పోయాక లోయ గోడల నుంచి విరిగిపడినవి. ఆండెర్స్ రాప్ అనే స్వీడిష్ భూస్వరూప శాస్త్రవేత్త 1950ల్లో ఏళ్ళ తరబడి ఇదే లోయలో కొలతలు తీశాడు. రాళ్ళు దొర్లడం, మంచు జారడం, మట్టి కిందికి పాకడం, వీటన్నిట్లో కొండని ఎక్కువగా అరగదీస్తున్నది ఏది అని చూశాడు. 1960లో అచ్చయిన ఆయన లెక్కలో అన్నిటికన్నా ముందున్నది నీళ్ళల్లో కరిగి కొట్టుకుపోయే లవణాలు. అంత లావు బండల మధ్య నిలబడి ఈ మాట నమ్మబుద్ధి కాదు. అయితే అక్కడి రాతిలో పైరైట్ అనే, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం ఉంది. అది గాలీ నీరూ తగిలి గంధకామ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం రాతిని లోపల్నుంచి తింటుంది. రాళ్ళ మీద తుప్పు రంగు చారలు కనిపిస్తే ఇదే సంగతి అనుకోండి.

మీకు నేను చెప్పదలచుకున్నది కూడా నీళ్ళ గురించే. మీ ప్రశ్నలో మంచు, చలి, జారడం అన్నీ ఉన్నాయి గానీ నీళ్ళ ఊసు లేదు. జూన్‌లో ఇక్కడ మనుషుల్ని ఇబ్బంది పెట్టేది మంచు కాదు, మంచు కింద పారే వాగు.

ఆ నెలలో మంచు సినిమాల్లో చూపించే దూదిలాంటిది కాదు. కరుగుతూ, గట్టిపడుతూ గింజ కట్టిపోయి ఉంటుంది. చినగంజాం ఉప్పు మడుల పక్కన కుప్పపోసిన తడి ఉప్పు చూసి ఉంటే అచ్చం అలాగే ఉంటుంది, అడుగేస్తే చప్పుడు కూడా అదే. చదునుగా ఉన్న చోట దాని మీద నడవడం బండల మీద కంటే సుఖం. చిక్కు రెండు చోట్ల వస్తుంది.

ఒకటి, మంచులోంచి తల బయటపెట్టిన బండల పక్కన. నల్లటి రాయి ఎండకి వేడెక్కి తన చుట్టూ ఉన్న మంచుని కింద నుంచి కరిగిస్తుంది. పైకి అంతా సాపుగా కనిపిస్తుంది, రాయికి ఆనించి అడుగేస్తే తొడ దాకా దిగబడతారు. మడమ మెలిపడేది, మోకాలి చిప్ప రాతికి కొట్టుకునేది అక్కడే. అందుకని రాయిని పట్టుకుని నడవాలనే అలవాటు మానుకుని, రాళ్ళకి రెండు మూడు అడుగులు ఎడంగా మంచు నడిమధ్యన నడవండి.

రెండోది వాగు మీద మంచు వంతెన. పైన పారుతున్న వాగు ఒకచోట మంచు కిందికి దూరి, కొంత దూరం పోయాక మళ్ళీ బయటికొస్తుంది. దాటేముందు ఆగండి, మాటలు ఆపండి. అడుగున నీళ్ళ హోరు దగ్గరగా వినిపిస్తుంటే పైకప్పు పలచబడినట్టే. మంచు మీద చుట్టుపక్కల కంటే బూడిద రంగుగా, కొద్దిగా లోపలికి కుంగిన చార ఒకటి కనిపిస్తే వాగు దాని కిందే ఉంది. నేనైతే కాస్త కిందికి నడిచి, వాగు బయటికొచ్చే నోటి దగ్గర పక్కనుంచి చూస్తాను. అక్కడ కప్పు మందం కంటికి కనిపిస్తుంది. మీటరుంటే సరే, జానెడుంటే ఇంకోచోటు చూసుకోవాలి. ఒకసారి అలా చూస్తుంటే ఆ కప్పు అడుగంతా గిన్నె గిన్నెలుగా గుంటలు పడి, ప్రతి గుంట అంచు నుంచీ నీటిబొట్టు కారుతోంది. పైనేమో నాకంటే ముందు వెళ్ళినవాళ్ళ బూట్ల గుర్తులు వరసగా ఉన్నాయి. ఆ గుర్తులు నిన్నటివో, పోయిన వారానివో ఎవరికి తెలుసు? కాబట్టి ఎవరో నడిచారు కదా అని నడవకండి.

అనుమానంగా ఉంటే మంచు లేని చోట, వాగు వెడల్పై పలచగా పారేచోట నీళ్ళల్లో దిగి దాటడమే మేలు. ఇరుకు చోట అడుగు తక్కువ పడుతుందని దిగితే అక్కడే లోతూ, వేగమూ. బ్యాగు నడుం పట్టీ విప్పేసి, కర్ర ఊతతో, ప్రవాహం వైపు కొంచెం ముఖం తిప్పి దాటండి. ఆ నీళ్ళు నిమిషం ముందు మంచుగా ఉన్నవే కాబట్టి కాళ్ళు లాగేస్తాయి, రెండో నిమిషంలో మొద్దుబారతాయి. అవతల కూర్చుని తుడుచుకుని ఉన్ని మేజోళ్ళు వేసుకుంటే ప్రాణం లేచొస్తుంది. ఒక విడి జత ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోండి.

మంచు ఎండకి కరుగుతుంది కనుక వాగులు సాయంత్రానికి పొంగుతాయి. పొద్దున మోకాలి కిందకున్న వాగు తిరిగొచ్చేటప్పుడు మోకాలి పైకి రావచ్చు. అర్ధరాత్రి సూర్యుడు ఉండే రోజులివి, మే చివర నుంచి జూలై నడుమ దాకా అబిస్కోలో పొద్దే కుంకదు. చీకటి భయం లేదు కదా అని మనవాళ్ళు పదకొండింటికి టిఫిన్ చేసి, ఒంటిగంటకి బయల్దేరతారు. వెలుగుంటుంది నిజమే, వాగు మాత్రం ఆగదు. ఏడింటికి నడక మొదలెట్టండి.

నిటారు వాలుల కిందుగా మంచు మీద ఆగి భోజనాలు చేయకండి. వసంతం ఆలస్యమైన ఏడాది మంచూ నీళ్ళూ కలిసిన ముద్ద ఒక్కసారిగా జారి రావడం ఈ కొండల్లో ఉన్నదే. అబిస్కోలో జాతీయ పార్కు సమాచార కేంద్రం ఉంది, ముందు రోజు అక్కడికెళ్ళి కార్కెవాగ్గెలో మంచు ఎలా ఉందని అడగండి. వాళ్ళు ఇంకా వద్దంటే వాదించకండి. లోయలో ఫోన్ సిగ్నల్ నమ్ముకోదగ్గది కాదు, మ్యాపు ముందే దించుకోండి. ఆపద నంబరు 112. మబ్బు కిందికి దిగి బండలు కనిపించకుండా పోతే, సరస్సు ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరగండి.

దారిలో లేత గులాబీ రంగు మంచు కనిపిస్తే అది మంచులో పెరిగే ఒక రకం నాచు. ఫోటో తీసుకోండి, నోట్లో వేసుకోకండి. ఎండ కాసే రోజున రెయిన్‌డీర్ దుప్పులు మంచు మేటల మీద గుంపుగా నిలబడి కనిపిస్తాయి, ఈగలూ దోమల పోరు తప్పించుకోవడానికి. అవి అడవి జంతువులు కావు. స్వీడన్‌లో ప్రతి రెయిన్‌డీర్‌కీ ఒక యజమాని ఉంటాడు, చెవికి కోత గుర్తు ఉంటుంది. ఆ నెలల్లో చిన్న పిల్లలతో ఉంటాయి కాబట్టి తరమొద్దు, చుట్టూ తిరిగి వెళ్ళండి.

చివరి గుట్ట ఎక్కితే సముద్రమట్టానికి 815 మీటర్ల ఎత్తున సరస్సు. లోతు 30 మీటర్ల పైనే ఉన్నా, ఐసు విడిచాక అడుగు కనిపించేంత తేట. నీళ్ళల్లో పోషకాలు దాదాపు లేకపోవడంతో పచ్చదనం పట్టదు. సబ్బులూ అవీ దగ్గరికి రానివ్వకండి. ఒడ్డున మంచు వాలు నేరుగా నీళ్ళల్లోకి దిగి ఉంటే సెల్ఫీ కోసం అంచుకి వెళ్ళకండి, అక్కడ జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

కొనాల్సినవి పెద్దగా లేవు. చీలమండ దాటే వాటర్‌ప్రూఫ్ బూట్లు, వాటిలోకి మంచు దూరకుండా పిక్కల మీద కట్టుకునే గెయిటర్లు, ఒక జత కర్రలు. వాన జాకెట్, వాన ప్యాంటు తప్పనిసరి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. నల్ల కళ్ళద్దాలూ సన్‌స్క్రీనూ మన ఒంటి రంగుకి అక్కర్లేదనుకునేవాళ్ళు చాలామంది. మంచు మీద ఎండ కింద నుంచి కూడా కొడుతుంది, ముక్కు కింద, గడ్డం కింద కమిలిపోతుంది. భోజనానికి పులిహోర కట్టుకెళ్ళాలని ఉంటుంది, కానీ ఐదారు డిగ్రీల చలిలో అన్నం బిరుసెక్కి మెతుకు మెతుకూ గొంతుకి అడ్డం పడుతుంది. చపాతీల్లో కూర చుట్టుకుని, ఫ్లాస్కులో అల్లం టీ పోసుకెళ్ళండి.

ఇక అమ్మగారూ నాన్నగారూ. మోకాళ్ళు బావున్నా సరే, ఈ లోయకి వాళ్ళని తీసుకెళ్ళమని నేను చెప్పను. మా అమ్మ వచ్చినప్పుడు చెట్లు అయిపోయే చోటిదాకా నడిచి, ఓ రాయి మీద కూర్చుని "మీరు పోయి రండి, నేనిక్కడ బాగానే ఉన్నా" అంది. ఎంత బతిమాలినా లేవలేదు, చివరికి మేమే ఆమెతో కిందికొచ్చేశాం. అబిస్కోలో టూరిస్ట్ స్టేషన్ పక్కనే ఏరు రాతిని కోసుకుంటూ పోయే లోతైన ఇరుకు లోయ ఉంది, గట్టున చక్కటి కాలిబాట. జూన్‌లో కరిగిన మంచంతా అందులోంచే పోతుంది, ఆ హోరు చూడాల్సిందే. మంచు కూడా చూపించాలంటే నుఓల్యా కొండ మీదికి కుర్చీల లిఫ్ట్ ఉంది, 900 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తుంది. పైనుంచి టోర్నెత్రెస్క్ సరస్సు, ఎదురుగా రెండు కొండల మధ్య గుండ్రంగా తొలిచినట్టుండే లాప్‌పోర్టెన్ కనిపిస్తాయి. మీరు వెళ్ళే తేదీల్లో అది నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. కుర్చీలో కూర్చుని గాల్లో వెళ్ళే ఆ కాసేపే అన్నిటికన్నా చలి. నాన్నగారిని విజయవాడ నుంచి మంకీ క్యాప్ తెమ్మనండి, అక్కడ దాన్ని చూసి నవ్వేవాళ్ళు ఎవరూ ఉండరు.