ఎన్ని తప్పులని కాదు, ఎలాంటి తప్పులని చూడండి

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. లెక్కలు, సైన్స్ నోటితో అడిగితే గడగడా చెబుతాడు. రాయమంటే ఇంగ్లిష్ స్పెల్లింగులన్నీ తప్పులే, తెలుగులో వత్తులు వదిలేస్తాడు. ఇంజినీరింగ్ ఆశ వదులుకోవాల్సిందేనా?
- ఒక తల్లి, నల్గొండ

జవాబు: ఎందుకు వదులుకోవాలమ్మా? తెలంగాణ ఎప్‌సెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నలూ ఆప్షన్లు ఎంచుకునేవే. అక్కడ స్పెల్లింగ్‌తో పనిలేదు. ఇబ్బందల్లా టెన్త్, ఇంటర్ రాత పరీక్షలతోనే.

బాబు పాత నోటుపుస్తకాలు తీసి, తప్పులన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. 'సెడ్' అనే మాటకు ఎస్, ఈ, డి అని రాస్తున్నాడా? అయితే శబ్దం సరిగ్గానే పట్టాడు, పదం చూడటానికి ఎలా ఉంటుందో గుర్తుండటం లేదు. 'ప్లాంట్'లో ఎల్ ఎగిరిపోతోందా, 'అమ్మ' కాస్తా 'అమ' అవుతోందా? పదాన్ని శబ్దాలుగా విడదీసుకోవడంలో తడబడుతున్నాడన్నమాట. 'జంప్డ్' చివర ఈడీ బదులు టీ పెడితే, ఆ ముక్క అక్కడికి ఎందుకొచ్చిందో తెలియలేదు. డిక్టేషన్‌లో సరిగ్గా రాసిన పదమే వ్యాసంలో తప్పుతోందంటే, ఆలోచన, వాక్యం, అక్షరాలు మూడూ ఒకేసారి మనసులో నిలుపుకోలేకపోతున్నాడేమో. అలా నిలుపుకునే శక్తినే వర్కింగ్ మెమరీ అంటారు. ఒక్కో పిల్లాడిలో ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి.

'బాధ'ను 'భాద' అని రాస్తే మాత్రం కంగారుపడకండి. మాట్లాడేటప్పుడు ఆ తేడా చాలామందిమి పలకం, పెద్దవాళ్లూ అలాగే రాసేస్తుంటారు.

వందేసిసార్లు ఇంపొజిషన్ రాయించడం ఆపేయండి. శబ్దం దగ్గర తడబడితే పదాన్ని ముక్కలుగా పలికిస్తూ రాయించండి. రూపం గుర్తులేకపోతే రోజుకు ఐదు పదాలు చాలు: చూడాలి, మూయాలి, రాయాలి, సరిచూసుకోవాలి.

రెండు భాషల్లోనూ తప్పులున్నాయి కాబట్టి, చదవడం కూడా నెమ్మదిగా ఉంటే కళ్లు, చెవులు ఓసారి చూపించి, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) వంటి అభ్యసన వైకల్యాలనూ గుర్తించింది. ఆ వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్‌ను (బాబు చెబుతుంటే రాసిపెట్టే మనిషిని) అడగొచ్చు. వైకల్యం 40 శాతానికి తగ్గకపోతే ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ కిందికీ వస్తాడు. టెన్త్ ఫీజు కట్టే రోజుల్లో పరుగులు పెట్టకుండా తొమ్మిదిలోనే ఈ పని ముగించండి.

ఈలోగా బాబు నోటితో చెప్పే సైన్స్ జవాబొకటి ఫోన్‌లో రికార్డు చేసి, అదే జవాబు రాసిన పేజీతో పాటు క్లాస్ టీచర్‌కు వినిపించండి.