నత్తి ఉంది, టీచర్ కావాలనుంది: ఇది దేవుని పిలుపేనా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. బీఎస్సీ మ్యాథ్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి నత్తి. మూడేళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు చెబుతున్నాను, అక్కడ పెద్దగా తడబడను. బీఈడీ చేసి టీచర్ కావాలని, దేవుడు నన్ను దీనికే పిలిచాడని గట్టిగా అనిపిస్తుంది. కానీ హైస్కూల్ క్లాసు ముందు నిలబడటం తలుచుకుంటేనే చెమటలు పడతాయి. పిల్లలు వెక్కిరిస్తే? లంబకోణ త్రిభుజంలో 'కర్ణం' అన్న మాట నా నోట రాదు, 'ఆ పొడుగు భుజం' అని నెట్టుకొస్తాను. అమ్మ బ్యాంకు పరీక్షలు రాయమంటోంది. సంఘంలో పెద్దలు "ముందు నత్తి పోవాలని ప్రార్థిద్దాం, పోయాక చూద్దాం" అంటున్నారు. ఇంత భయం ఉందంటే నాకు విశ్వాసం లేనట్టా? – ఒక విద్యార్థిని

జవాబు: ముందు అమ్మగారి మాట తేల్చేద్దాం తల్లీ, అది తేలిక. బ్యాంకులో నోటితో పని తక్కువని ఆవిడ అనుకుంటున్నారు. ఐబీపీఎస్ పీవోకి, అంటే బ్యాంకు ఆఫీసరు పోస్టుకి, మెయిన్స్ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. క్లర్కుకి ఇంటర్వ్యూ లేదు గానీ, కౌంటర్లో కూర్చున్నాక రోజంతా మాటలే, అదీ తొందరలో ఉన్న పెద్దవాళ్లతో. నువ్వు అనుకుంటున్న దారి చూడు. బీఈడీలో చేరడానికి రాసే ఎడ్‌సెట్‌కి ఇంటర్వ్యూ లేదు. ప్రభుత్వ టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీలో రాతపరీక్షకు 80 శాతం, టీచర్ అర్హత పరీక్ష టెట్‌కు 20 శాతం వెయిటేజీ, అంతే. బల్లకవతల నలుగురు పెద్దమనుషులు కూర్చుని ప్రశ్నలడిగే గది ఈ దారిలో రానే రాదు. అయితే డీఎస్సీ ఏటా వచ్చేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత మళ్లీ పెద్దది 2025 మెగా డీఎస్సీయే, 16,347 పోస్టులతో. ఈలోగా ప్రైవేటు బడుల్లో పని చేయాల్సి రావచ్చు. అక్కడ డెమో క్లాసు ఉంటుంది, కొందరు కరస్పాండెంట్లు నీ నత్తి విని మొహం మీదే వద్దనవచ్చు. అలాంటివాళ్లు తగులుతారని తెలిసి వెళ్లడం మంచిది.

ఇక విశ్వాసం సంగతి. బైబిల్లో అపొస్తలుల కార్యములు 16 నుంచి 18వ అధ్యాయం దాకా ఒక్క బిగిన చదువు. పౌలు ఫిలిప్పీలో బెత్తాలతో దెబ్బలు తిన్నాడు. థెస్సలొనీక నుంచి రాత్రికి రాత్రి తప్పించుకున్నాడు. ఏథెన్సులో మాట్లాడితే కొందరు అపహాస్యం చేశారు. నీకున్న భయం ఈ మూడోదే కదా. ఆ తర్వాత కొరింథుకి వచ్చాడు. ఎలా వచ్చాడో ఆ ఊరివాళ్లకు రాసిన మొదటి పత్రికలో తనే చెప్పుకున్నాడు: "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను". ప్రభువు రాత్రి దర్శనంలో అతనితో అన్నది "నీవు భయపడక మాటలాడుము, మౌనముగా ఉండకుము" అని. భయపడని మనిషికి ఆ మాట చెప్పాల్సిన పనేముంది? అప్పుడు కూడా ఊరు మారలేదు, జనం మారలేదు, ఎదిరించేవాళ్లు ఎక్కడికీ పోలేదు. "నేను నీకు తోడైయున్నాను" అన్న మాట ఒక్కటే దొరికింది. దాంతోనే ఏడాదిన్నర అక్కడ ఉండి బోధించాడు.

కాబట్టి వణుకు ఉన్నంత మాత్రాన విశ్వాసం లేదనలేం, పిలుపు అబద్ధమనీ అనలేం. నోరు కదపకుండా కూర్చోబెడితేనే భయం గెలిచినట్టు. నీ విషయంలో అది కొంత గెలిచింది కూడా, 'కర్ణం' దగ్గర. దాని సంగతి తర్వాత చెబుతాను.

మీ సంఘ పెద్దలు చెడ్డ ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. కానీ "పోయాక చూద్దాం" అన్న మాట వాక్యానుసారం నిలవదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును". ముల్లు పోయినట్టు ఎక్కడా రాసి లేదు, పని ఆగినట్టూ రాసి లేదు. మోషే "నోటి మాంద్యము" అని మొరపెట్టుకుంటే, దేవుడు తోడుగా అహరోనును పంపాడు గానీ ప్రయాణం వాయిదా వెయ్యలేదు. ప్రార్థన మానమని నేననడం లేదు. స్వస్థత కోసం అడుగు, తప్పకుండా అడుగు. దానితో పాటు ఎడ్‌సెట్ దరఖాస్తూ పెట్టు. ఇంకొకటి, ఎవరైనా నీ నత్తిని దురాత్మ పనో పాపఫలమో అని చెయ్యి పెట్టి గద్దించబోతే, ఒప్పుకోకు. నత్తి సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల వయసులో మొదలవుతుంది, మెదడు మాటను నడిపించే తీరులో ఉండే తేడా అది, కుటుంబాల్లో వస్తుంటుంది. పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. నీ సంఘంలోనే ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండి ఉంటారు, నోరు విప్పక కనబడరు.

సండే స్కూల్‌లో తడబడకపోవడానికీ కారణం ఉంది. పాట పాడేటప్పుడు, అందరితో కలిసి వచనం చెప్పేటప్పుడు నత్తి ఉన్నవాళ్లకు దాదాపు అందరికీ మాట సాఫీగా వస్తుంది. చిన్నపిల్లలు తీర్పు తీర్చరు కాబట్టి ఒత్తిడీ తక్కువ. ఎనిమిదో తరగతిలో ఇవేవీ ఉండవు. అందుకని సండే స్కూల్ అనుభవాన్ని పిలుపుకి సాక్ష్యంగా తీసుకో, సిద్ధపాటుగా మాత్రం లెక్కెయ్యకు. పిలుపు విషయంలో నేను చూసే గుర్తు వేరే ఉంది: మూడేళ్లుగా జీతం లేకుండా, పరీక్షలప్పుడు కూడా ఆ పిల్లల దగ్గరికి వెళ్తున్నావా? ఒకడికి అర్థం కాకపోతే ఇంటికొచ్చాక కూడా వాడి గురించే ఆలోచిస్తున్నావా? అవునంటే, అది నిలకడైన కోరిక. వేసవి సెలవుల బైబిల్ తరగతుల (వీబీఎస్) చివరి రోజు పొంగిన ఉద్రేకంతో తీసుకున్న నిర్ణయాలు చాలా చూశాను, అవి జూన్ దాటవు.

ఇప్పుడు 'కర్ణం'. ఆ మాట బదులు 'పొడుగు భుజం' అన్న ప్రతిసారీ నీకు ఆ క్షణం గండం గడుస్తుంది, రెండోసారికి ఆ మాట ఇంకా భయంకరమవుతుంది. నత్తిని పెంచి పోషించేది ఈ తప్పించుకోవడమే. గణితంలో మాట మార్చడానికి చోటూ తక్కువ. (ఇప్పుడు చాలా బడులు ఇంగ్లిష్ మీడియం, 'హైపాటెన్యూస్' అనాలి. అది నత్తి లేనివాళ్లకే తిరగడం లేదు.) బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసి, ఆ భుజం మీద చాక్‌పీసు పెట్టి, మాట ఆగితే ఆగనిచ్చి, 'క' దగ్గర బలవంతంగా తొయ్యకుండా గాలి వదులుతూ మెల్లగా మొదలుపెట్టు. పట్టేసిన చోట కళ్లు మూసుకోవడం, చెయ్యి విదిలించడం ఉంటే గమనించు. ముందు ఇంట్లో, తర్వాత ఒక స్నేహితురాలి ముందు.

దీన్ని ఒంటరిగా చేయకు. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో స్పీచ్ థెరపిస్టు ఉన్నారేమో అడుగు. సికింద్రాబాద్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఒకసారి పరీక్ష చేయించుకుని, ఇంటి దగ్గర ఏం సాధన చేయాలో రాయించుకురావచ్చు. 'నత్తి పూర్తిగా మాయం' అని గ్యారంటీ ఇచ్చేవాళ్లకు డబ్బు కట్టకు. మంచి థెరపిస్టు అలా చెప్పరు, తడబడుతూనే తేలిగ్గా మాట్లాడటం నేర్పుతారు. ద ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అని నత్తి ఉన్నవాళ్లే నడుపుకునే సంస్థ ఉంది, వాళ్ల స్వయం సహాయక బృందాల్లో కలువు. అక్కడ మొదటిసారి నీలాగే మాట్లాడేవాళ్ల మధ్య కూర్చుంటావు, దాని విలువ నేను చెబితే తెలియదు. సంఘం వాళ్లు సాయం చేస్తామంటే ఒక్కటే అడుగు: ఆదివారం ఆరాధనలో వాక్యపఠనం నాకివ్వండి, మధ్యలో మాట అందించకండి, ఆగితే మీరూ ఆగండి.

వెక్కిరింత గురించి అడిగావు. వెక్కిరిస్తారు, కొందరు. క్లాసులో మొదటి రోజే నువ్వే చెప్పేస్తే సగం పోతుంది: "నాకు కొన్ని మాటలు ఆగి వస్తాయి. మీరు పూర్తి చేయొద్దు, కాస్త ఆగండి చాలు. మీకు లెక్క ఆగితే నేనూ ఆగుతాను." దాచిపెట్టిన దాన్నే పిల్లలు పట్టుకుని పీకుతారు. చెప్పేసినదానితో వాళ్లకు రెండు రోజుల్లో సరదా తీరిపోతుంది.

బీఈడీ రెండేళ్లు. నీ భయానికి ఇంతకన్నా మంచి మెట్లు నేను కట్టలేను. మొదట మైక్రో టీచింగ్: ఐదారు నిమిషాలు, నీ తోటివాళ్లే విద్యార్థులు, ఒక్క నైపుణ్యం మీదే సాధన. తర్వాత బడికి వెళ్లి చూడటం. రెండో ఏడు పదహారు వారాల ఇంటర్న్‌షిప్, నిజమైన బడిలో నిజమైన పిల్లలతో. ఆ పదహారు వారాలయ్యాక కూడా తరగతి గది నీకు ఊపిరాడనివ్వకపోతే, పాఠ్యాంశాల తయారీ, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ట్యూషన్ లాంటివి ఉన్నాయి. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు కూడా. అకుల ప్రిస్కిల్లల ఇంట్లో, వాళ్లదీ అదే వృత్తి. పిలుపు ఒక్క ఉద్యోగానికే అంటిపెట్టుకుని ఉండదు. కానీ ఆ నిర్ణయం ఇంటర్న్‌షిప్ చేశాక తీసుకో, ఇప్పుడు మంచం మీద పడుకుని ఊహించుకుంటూ కాదు.

ఒక జాగ్రత్త. ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టుకి బీఈడీ పనికిరాదు. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో చెప్పింది, దానికి డీఈఎల్‌ఈడీ అనే ప్రాథమిక విద్యా డిప్లొమా కావాలి. నువ్వు చూడాల్సింది హైస్కూల్‌కి చెప్పే స్కూల్ అసిస్టెంట్ గణితం పోస్టు. ఎడ్‌సెట్ ర్యాంకు వచ్చి ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీ సీనియర్లను పట్టుకుని, ఇంటర్న్‌షిప్ నిజంగా బడిలో జరుగుతుందా, రికార్డులు కొనుక్కుని సంతకాలతో అయిపోతుందా అని అడుగు. హాజరు అక్కర్లేదని చెప్పి సీటిచ్చే కాలేజీ ఎంత దగ్గరున్నా, ఫీజు ఎంత తక్కువైనా వద్దు. మిగతావాళ్లకు అది సర్టిఫికెట్ కాలేజీ, నీకు కావాల్సింది ఆ పదహారు వారాలు.