మూస్ జాకు వస్తున్న మా అమ్మలుకు

అమ్మలూ,

కెనడాలో సస్కాచెవాన్ రాష్ట్రంలోని ఈ మూస్ జా ఊరి కాలేజీలో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నువ్వు మాత్రం, టొరంటో కాకుండా 34 వేల మంది కూడా లేని ఊళ్ళో ఎట్లా ఉండాలని బెంగపడుతున్నావట. చాలామంది పిల్లలు ఇక్కడికి వచ్చి, మనసు మాత్రం పెద్ద నగరాల మీదే పెట్టుకుని, ఊరిని చూడకుండానే వెళ్ళిపోవడం చూశాను. నువ్వు అట్లా చేయొద్దు. రెండేళ్ళుంటే ఆ రెండేళ్ళూ ఈ ఊరి మనిషివై ఉండు.

ముందు చలి సంగతి. జనవరిలో మైనస్ 30 కొత్త కాదు. అంకె కన్నా గాలిని చూసుకో. చుట్టూ అడ్డం లేని మైదానం కాబట్టి గాలి నేరుగా వచ్చి తగులుతుంది. గాలి తీవ్రతతో కలిపి మైనస్ 40 దాటిన రోజున, కప్పుకోని చర్మం పది నిమిషాల్లోపే గడ్డకట్టవచ్చు. మన దగ్గర స్వెట్టర్లకు, కోట్లకు డబ్బు పోయకు, ఇక్కడికొచ్చాక కొందాం. సెకండ్ హ్యాండ్ షాపుల్లో మంచి జాకెట్లు దొరుకుతాయి. చేతులకు వేళ్ళన్నీ ఒకే అరలో ఉండే మిటెన్లు తీసుకో, విడివిడి వేళ్ళ గ్లవ్స్ కన్నా అవే వెచ్చన. బూట్లు ఉన్ని మేజోళ్ళు పట్టేంత వదులుగా ఉండాలి. కొబ్బరినూనె మాత్రం తప్పకుండా తెచ్చుకో, ఇక్కడి పొడిగాలికి పెదాలు, మడమలు పగులుతాయి. ఇల్లు చూసేటప్పుడు హీటింగ్ ఖర్చు అద్దెలోనే ఉందా, కారు పెట్టేచోట ప్లగ్ ఉందా అని అడుగు. రాత్రంతా ఇంజిన్‌ను కరెంటుతో వెచ్చగా ఉంచకపోతే తెల్లారి కారు కదలకపోవచ్చు.

అయినా ఆకాశం ఎంత తేటగా ఉంటుందో నువ్వే చూస్తావు! గడ్డకట్టే చలిలోనూ కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ. వేసవిలో 30 డిగ్రీలు దాటుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదికి కూడా వెలుతురే. వాన మన అనంతపురం కన్నా తక్కువ. 1857లో బయల్దేరి ఈ మైదానాలన్నీ తిరిగిన అన్వేషకుడు జాన్ పాలిసర్, దక్షిణ భాగం సేద్యానికి పనికిరానంత పొడినేల అని రాశాడు. తర్వాత గోధుమ బాగా పండిన ఏళ్ళలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. 1930లలో కరువొచ్చి మట్టి దుమ్మై ఎగిరిపోయినప్పుడు అనుభవించారు. వాన కోసం ఎదురుచూడటం మనకూ తెలుసు కాబట్టి ఇక్కడి ముసలి రైతులతో మాట కలపడం నీకు కష్టం కాదు. వాతావరణం గురించి అడుగు చాలు, గంటసేపు చెబుతారు.

ఊరు నీళ్ళ వల్ల పుట్టింది. మూస్ జా నది, థండర్ క్రీక్ కలిసేచోట ఆవిరి ఇంజిన్లకు నీళ్ళు దొరుకుతాయని 1882లో కెనడియన్ పసిఫిక్ రైల్వే ఇక్కడ స్టేషన్ ఎంచుకుంది. అంతకుముందు ఖాళీ నేల అనుకోకు. క్రీ, సోల్టో, అసినిబోయిన్ అనే ఆదివాసీ జాతులతో 1874లో ప్రభుత్వానికి నాలుగో ఒప్పందం కుదిరింది ఈ ప్రాంతం మీదే. అమెరికా సైన్యంతో 1876లో పోరాడి సరిహద్దు దాటిన లకోటా ఆదివాసీల్లో కొందరు ఈ లోయలోనే బతికారు.

డౌన్‌టౌన్‌లో సొరంగాల టూర్ ఉంది. షికాగో మాఫియా నాయకుడు అల్ కపోన్ దాక్కున్నాడని ఉత్సాహంగా చెబుతారు, దానికి ఆధారమేదీ దొరకలేదు. షికాగో వైపు నేరుగా రైలు ఉండటం, ఇక్కడి రివర్ స్ట్రీట్‌కు చెడ్డపేరు ఉండటం మాత్రం నిజం. టూర్‌కు వెళ్ళు, కానీ క్వాంగ్ వింగ్ పేరు కూడా గుర్తుంచుకో. ఇదే ఊళ్ళో హోటల్ నడిపిన చైనా మనిషి. చైనా వాళ్ళు తెల్ల ఆడవాళ్ళను పనిలో పెట్టుకోకూడదని 1912లో రాష్ట్రం చట్టం చేసింది. ఇద్దరిని పెట్టుకున్నందుకు ఆయనకు శిక్ష పడింది. 1914లో కెనడా సుప్రీంకోర్టు కూడా ఆ శిక్షనే సమర్థించింది. ఇవాళ నువ్వు కాలేజీలో అందరి పక్కనా కూర్చుంటావంటే, అట్లాంటివాళ్ళు ముందు నిలబడ్డారు కనుక. అందుకే ఈ కథ నీకు తెలియాలి.

ఇంటి మీద బెంగ పట్టినప్పుడు ఊరికి దక్షిణాన ఉన్న మ్యూజియానికి తీసుకెళ్తా. సుకానెన్ అనే ఫిన్లాండ్ రైతు ఆ కరువుకాలంలోనే, స్వదేశానికి వెళ్ళడానికి ఈ ఎండుమైదానం మధ్య సొంతంగా ఓడ కట్టాడు. అది నీళ్ళెక్కలేదు. ఆ ఓడ ఇప్పుడు అక్కడుంది. బెంగను ఒంటరిగా మోయొద్దమ్మా, లైబ్రరీకి, క్రెసెంట్ పార్క్‌కు, గుడికో భోజనానికో పిలిచినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళు. ఇక్కడ ఎదురైనవాళ్ళు పలకరిస్తారు, నువ్వూ పలకరించు. మంచు కురిసిన పొద్దున పక్కింటి పెద్దవాళ్ళ గుమ్మం ముందు కూడా పార పట్టుకుంటే వాళ్ళు నిన్ను మరచిపోరు.

ఆగస్టులోనే వచ్చెయ్. కోతలు చూస్తావు, చలికి ఒళ్ళు మెల్లగా అలవాటవుతుంది. విమానం టికెట్ పక్క నగరం రెజైనా దాకా తీసుకో. రాష్ట్ర ప్రభుత్వ బస్సులు 2017లోనే ఆగిపోయాయి కాబట్టి మీ పెదనాన్న, నేను కారులో వస్తాం, 70 కిలోమీటర్లే. సస్కాచెవాన్‌లో గడియారాలు ముందుకీ వెనక్కీ మార్చరు, ఏడాదంతా ఇండియాతో పదకొండున్నర గంటల తేడా. రాత్రి ఎనిమిదిన్నరకు నువ్వు ఫోన్ చేస్తే అక్కడ పొద్దున ఎనిమిది, మీ అమ్మ కాఫీ తాగే వేళ. ఆ సమయం ఇప్పుడే ఆవిడతో ఖాయం చేసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ