గుమస్తాలు ఈ-ఫైలింగ్ క్లాసుకు రావట్లేదన్న ప్రశ్నకు

సార్, ఆదివారం పొద్దున పెట్టిన ఈ-ఫైలింగ్ (కేసు కాగితాలు ఆన్‌లైన్‌లో దాఖలు చేయడం) క్లాసుకు ప్లీడర్ల గుమస్తాలు ముగ్గురే వచ్చారన్నారు. రోజే తప్పు, ఆ పూట ప్లీడర్ల ఆఫీసుల్లో క్లయింట్ల రద్దీ. విశాఖ కోర్టు ఆవరణలోనే, కోర్టు లేచాక 45 నిమిషాలు పెట్టండి. ఒక్కో క్లాసులో ఒకే పని నేర్పండి.

మొదట స్కానింగ్: ఏ4, 300 డీపీఐ స్పష్టత, పదం వెతికితే దొరికే పీడీఎఫ్. ఫోన్లో ఫొటోలు తీసి అతికిస్తే పేజీలు వంకర, ఫైలు బరువు, పదం దొరకదు.

తర్వాత భారతీయ సాక్ష్య అధినియం 63(4) సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇచ్చేది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టంలోని 65బీ నమూనా బదులు ఇదే. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. బి భాగం నిపుణుడు నింపాలి. తప్పు జరిగేది ఎక్కువగా అక్కడే.

గాజువాక, భీమిలి వాళ్లకు వాట్సాప్ మెసేజ్ చాలదు. ముందు ప్లీడరుగారికే ఫోన్ చేయండి, ఆయన వదిలితేనే కదా గుమస్తా వచ్చేది!