క్యాప్సూళ్ల డబ్బా కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన వీర్య పరీక్ష రిపోర్టు, కౌంట్ పెరగడానికని మెడికల్ షాపులో ఇచ్చిన క్యాప్సూళ్ల డబ్బా ఫొటో రెండూ చూశాను. నా ఉద్యోగమంతా హన్మకొండ ల్యాబుల్లో మైక్రోస్కోపు ముందే గడిచింది కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా. నువ్వు కూడా సిగ్గుపడకుండా చదువు.

ముందు రిపోర్టు సంగతి. వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 1.1 కోట్లు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కింది హద్దు 1.6 కోట్లు. ఆ హద్దు ఎలా పెట్టారో తెలుసా? ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్లను లెక్క తీస్తే, నూటికి ఐదుగురికి అంతకన్నా తక్కువే ఉంది. అంటే తక్కువ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. పైగా నువ్వు నర్సంపేటలో ఇంటి దగ్గర శాంపిల్ తీసి బస్సులో తెచ్చానన్నావు. గంటలోపు ల్యాబుకు చేరకపోతే కదలిక లెక్క నమ్మలేం. ఈసారి ల్యాబులోనే ఇవ్వు. అంతకుముందు రెండు రోజులకు తగ్గకుండా, ఏడు రోజులు దాటకుండా వీర్యం బయటికి పోకుండా చూసుకోవాలి.

ఇక ఆ డబ్బా. జింక్, సెలీనియం, లైకోపీన్, కార్నిటైన్, విటమిన్ సి, ఇ, ఇవన్నీ యాంటీఆక్సిడెంట్లు. ఒంట్లో పుట్టే ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు ఎక్కువైతే వీర్యకణం పైపొరా, లోపలి డీఎన్ఏ దెబ్బతింటాయి. వాటిని ఇవి అడ్డుకుంటాయని లెక్క. వినడానికి బాగానే ఉంది, ఫలితమే అంతగా లేదు. 2020లో అమెరికా పరిశోధకులు 2,370 జంటల మీద చేసిన పరీక్షలో మగవాళ్లకు ఆరు నెలలు జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. వాళ్లలో నూటికి 34 జంటలకు బిడ్డ పుడితే, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 35 జంటలకు పుట్టింది. మందు వాడినవాళ్లకు కడుపులో ఇబ్బందులు ఎక్కువయ్యాయి, వీర్యకణాల్లో డీఎన్ఏ తునకలూ కొంచెం పెరిగాయి. నీ డబ్బాలో ఉన్నటువంటి మిశ్రమంతో అదే ఏడాది వచ్చిన ఇంకో పరీక్షలోనూ మూడు నెలలకు కౌంట్, కదలిక మెరుగుపడలేదు. లాభం ఉందన్న చిన్న చిన్న పరిశోధనలు చాలానే ఉన్నాయి కానీ వాటి బలం తక్కువ.

ఎక్కువ మింగితే ఎక్కువ మేలు అనుకోకు. వీర్యకణం అండంలోకి చొరబడే శక్తి తెచ్చుకోవడానికి ఆ రాడికల్స్ కొద్దిగా కావాలి కూడా. డాక్టరే రాసిస్తే మూడు నెలలు వాడి, మళ్లీ టెస్ట్ చేయించి, తేడా లేకపోతే ఆపెయ్యాలా అని ఆయన్నే అడుగు. కొత్త వీర్యకణం తయారై బయటికి రావడానికి దగ్గర దగ్గర మూడు నెలలు పడుతుంది మరి. నెలకోసారి టెస్ట్ చేయించి టెన్షన్ పడితే ల్యాబువాళ్లకే లాభం.

అసలు కారణం వెతకకుండా డబ్బా కొనడమే నాకు నచ్చనిది. యూరాలజిస్టు, అంటే మూత్ర, పురుష అవయవాల డాక్టరు, చేత్తో పరీక్షిస్తే వేరికోసీల్, అంటే వృషణం పైన రక్తనాళాలు ఉబ్బడం, తెలిసిపోతుంది. పిల్లలు కాని మగవాళ్లలో మూడో వంతుకు పైగా అది కనిపిస్తుంది. దానికి ఆపరేషన్ ఉంది. మొన్న వైరల్ జ్వరం వచ్చిందన్నావు కదా, దానికీ కౌంట్ పడిపోతుంది, తర్వాత కోలుకుంటుంది. గుట్కా మాత్రం ఈ రోజే మానెయ్యి. మిర్చికి మందు కొట్టేటప్పుడు గ్లౌజులు, మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకో. కొట్టాక స్నానం చేయకుండా అన్నానికి కూర్చునే నీ అలవాటు మీ అత్తమ్మకు కూడా తెలుసు. జిమ్‌లో నీ దోస్తు చెప్పిన టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్ జోలికి పోకు, అది వీర్యకణాల తయారీనే ఆపేస్తుంది. విటమిన్ల కోసమైతే ఉసిరి, జామ, టమాటా, పల్లీలు తిను. అవి డబ్బా కన్నా చాలా చవక.

కోడలు పిల్లను ఒక్కదాన్నే ఆసుపత్రుల చుట్టూ తిప్పకండి. ఇద్దరి పరీక్షలూ ఒకేసారి జరగాలి. లోపం ఎవరిదని మీ అమ్మ పంచాయతీ పెడితే నాకు ఫోన్ చెయ్యమను, చెల్లెలికి నేను చెప్పుకుంటా. జ్వరం తగ్గి మూడు నెలలయ్యాక ఇద్దరూ పొద్దున బస్సుకు రండి. పాత చీటీలన్నీ తెచ్చుకోండి, డాక్టరు దగ్గర నంబర్ నేను రాయించి పెడతా.

మీ మామ